పుట్టింటి కట్టెలు

పెనుకొండ
శివరాత్రి పోయిన వారం

పాపకు, అన్న అంజనప్ప రాసేది.

డెబ్బై దగ్గర పడుతున్న మనిషిని పాప అంటాడేమని నీ మనవరాలు రేష్మ నవ్వుతుందేమో, నవ్వనీ. నిన్ను అలా పిలిచేవాళ్లలో నేనొక్కడినే మిగిలాను. వదిలే ఉద్దేశం లేదు.

ఉత్తరమెందుకు, ఫోన్ చెయ్యరాదా అని ఇక్కడ కోడలు పోరు పెడుతోంది. నా చెవులకు ఫోన్లో వినిపించేది ఉడుకుతున్న చట్టి చప్పుడే. పైగా మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే పలుకుతుంది. నేను నీకు చెప్పేది మీ ఆడబిడ్డ రామక్క వింటుంది, రామక్క విన్నది వీధి వింటుంది. వాట్సాప్ అంటావా, ఒకటి చదివేలోగా దాని నెత్తిన ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. వీటన్నిటికంటే మన కండక్టర్ ఆశీర్వాదమే నయం. పొద్దున నీ తోట పక్కనున్న తన మామిడి తోటకు నీళ్లు కట్టి, ధర్మవరం బస్సు డ్యూటీ ఎక్కి, దారిలో నీ ఉత్తరం నా చేతిలో పెట్టిపోతాడు. తిరుగు ట్రిప్పులో నాది తీసుకుంటాడు. ఏనాడూ విప్పి చూడలేదు. చూసినా నా రాత అర్థమయ్యేది నీకొక్కదానికే, నీకు అక్షరాలు దిద్దించింది నేను కాబట్టి. నాకు దిద్దించినవి మాత్రం బొరుగుల పొట్లాల కాగితాలు.

ఇంతకీ సంగతేమంటే, అమ్మ నాటిన పుల్లమామిడి ఎండిపోయింది. మంచి పూత మీద ఉండింది. ముందు ఒక కొమ్మ ఆకులు మాడిన రొట్టె రంగుకు తిరిగాయి. రాలలేదు, అలాగే వేలాడుతున్నాయి. చూస్తుండగానే చెట్టంతా అదే రంగు. వయసు మీద పడింది కాబోలు అనుకున్నాను. నాకంటే చిన్నదానికి వయసు మీద పడిందని ఒప్పుకోవడం నా మనసుకు అంత మంచిది కాదు కాబట్టి ఎక్కువ ఆరా తీయలేదు. మిషన్ రంపంతో కోయించాను.

కట్టెలు నీకు పంపుతున్నాను. శ్రావణంలో రేష్మ పెండ్లి కదా. మనవాళ్లలో ఏ ఇంట పెండ్లి జరిగినా ఆ ఇంటి పెద్దకోడలి పుట్టింటి కట్టె పొయ్యిలో పడాలి. పెద్దకోడలిగా నువ్వు ఆ ఇంట అడుగుపెట్టిన నీ పెండ్లినాడే అది పడలేదు. కరువు సంవత్సరం, నరకడానికి మన చేలో చెట్టన్నదే లేదు. అమ్మ నాటిన ఈ మామిడి అప్పటికి నా మోకాలెత్తు. నేను ఊరంతా తిరిగి గంపలకెత్తిన పిడకల మీద మీ అత్తగారింట అన్నం ఉడికింది. ఆనాటి నుంచి రామక్క నోట నీ పేరు పిడకల కోడలు. ఇప్పుడు అమ్మ చెట్టే వస్తోంది. రామక్కను గేటు దగ్గర నిలబెట్టు.

మీ అన్న

*

హిందూపురం, తోట ఇల్లు
ఉగాదికి ముందు

అన్నకు, ఈరక్క నమస్కారం.

ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక తప్పెట్లు ఎందుకన్నా? కట్టెల మోపు వస్తుంటే ఎవరో పోయినారనుకుని పక్కింటివాళ్లు తలకు గుడ్డ చుట్టుకుని బయటికి వచ్చారు.

రామక్క వదినను నిలబెట్టే పని లేకపోయింది. చప్పుడు వినగానే తనే వచ్చింది. మొద్దుల చుట్టూ ఒక తిరుగు తిరిగి, "ఏమే పిడకల కోడలా, మీ నాయనకు ఇప్పుడు గ్యాపకమొచ్చెనా?" అన్నది. నాయన పోయి ఎన్నేండ్లయిందో ఆమెకు తెలియదా? తెలుసు. అయినా నాకు కోపం రాలేదు. ఆ రోజు ఎవరేమన్నా రాదు. మొద్దులకు పసుపు రాసి, బంతిపూలు కట్టాను. రాస్తుంటే బెరడు మీద బంక నా చేతికి అంటుకుంది. సబ్బుకు కూడా పోలేదు. మన ఇంటి మామిడికి ఎప్పుడూ ఇంత బంక ఉండేది కాదే అనుకున్నాను.

మొద్దులు నా తోటకూ ఆశీర్వాదం తోటకూ మధ్య గట్టు మీద, మీ బావ మొదట నాటిన చెట్టు నీడలో పేర్పించాను. శ్రావణానికి బాగా ఆరుతాయి. బెరడు తీయించలేదు, అంటుకోవడానికి అదే మంచిది.

పెండ్లికొడుకు నాగేంద్ర నిన్న ధర్మవరం నుంచి వచ్చి కట్టెలతో ఫోటో దిగిపోయినాడు. రేష్మతో దిగమంటే సిగ్గుపడ్డాడు.

ఈరక్క

*

పెనుకొండ
ఎండలు ముదిరాక

పాపకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకో, అందులోనూ ఒకరు.

పుల్లమామిడి మొదలుకు అటూ ఇటూ ఉన్న చెట్లు రెండూ అదే దారి పట్టాయి. ఈసారి వయసని సర్దుకోవడానికి వీల్లేదు, అవి నిన్నమొన్న నాటినవి. తోటల ఆఫీసుకు పోయి చెప్పుకుంటే రాణి అని ఒక అమ్మాయి బండేసుకుని వచ్చింది. దారిలో పంక్చరయితే మూడు మైళ్లు తోసుకుంటూ వచ్చిందట. పెరుగన్నం పెట్టించాను, తిన్నాకే చెట్టు చూపించాను. నాకు దిష్టి అనే సిద్ధాంతం ఒకటి ఉండింది. చెప్పాను. ఆ పిల్ల మర్యాదగా విని, కత్తితో బెరడు చీల్చి చూపింది. లోపల చెక్క మీద టీ డికాషన్ కారినట్టు నల్లటి చారలు.

ఆవగింజలో సగముండే పెంకుపురుగు పాపా. బెరడుకు సూదితో పొడిచినట్టు బెజ్జం వేసి లోపల కాపురం పెడుతుంది. వస్తూ వస్తూ ఒంటికి ఒక బూజు అంటించుకుని వస్తుంది. చెట్టును చంపేది ఆ బూజు. లోపల నీళ్లు పైకెక్కే దారులన్నీ మూసేస్తుంది. వేరు నీళ్లలో ఉన్నా ఆకు దప్పికతో చస్తుంది. ఇది వింటున్నప్పుడు నాకు మన ఊరి కొళాయి గుర్తొచ్చింది, కానీ అది వేరే కథ.

చెట్టు చచ్చినా పురుగు చావదట. నరికిన మొద్దులో, బెరడు కింద, పిల్లాపాపలతో ఎండాకాలం గడిపేస్తుంది. తొలి వానలకు ఒక్కుమ్మడిగా బయటపడి పచ్చని మామిడి యాడుందా అని ఎగురుతుంది.

అంతా చెప్పి, "నరికిన మొద్దులు యాడుండాయి తాతా?" అని అడిగింది. హిందూపురంలో మా చెల్లెలి తోటలో అన్నాను. ఆ పిల్ల వెంటనే వేళ్లు మడిచి తొలి వానకు ఎన్ని రోజులుందో లెక్క కట్టింది.

వానలు పడకముందే కాల్చెయ్ పాపా. బెరడుతో సహా, ఒక్క పేడు మిగలకుండా. ఏమి అడుగుతున్నానో తెలిసే అడుగుతున్నాను. బావ పోయాక బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్న తోట అది.

మీ అన్న

*

హిందూపురం
అదే వారం

అన్నకు,

కాల్చేశాను. నువ్వు దిగులుపడొద్దు.

ఈసారి ఆవకాయ బాగా కుదిరింది. రెండు జాడీలు ఆశీర్వాదం చేతికి ఇస్తున్నాను. బస్సులో ఒరగకుండా ఒళ్లో పెట్టుకోమన్నాను.

ఈరక్క

*

హిందూపురం
తొలి చినుకులు పడిన మర్నాడు

అన్నకు,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. మనకు పనిలేని విషయమే, ఆశీర్వాదం నిన్ను అడగమన్నాడు.

అతని దగ్గర కూడా ఎవరో ఇచ్చిన మామిడి మొద్దులు ఉన్నాయట. నిన్నటి వానకు వాటి కింద జొన్నపిండి చల్లినట్టు సన్నటి పొట్టు రాలిందట. దగ్గరికి పోయి చూస్తే బెజ్జాలు, బెజ్జాల అంచుల్లో చిన్న చిన్న నల్లచుక్కలు నడుస్తున్నాయట. ఆ పురుగులు ఎంత దూరం ఎగురుతాయో ఆ అమ్మాయిని కనుక్కోమన్నాడు. పైన టార్పాలిన్ పట్ట కప్పితే ఆగుతాయా, కప్పి చుట్టూ మట్టి వేస్తే శ్రావణం దాకా లోపలే ఉంటాయా అని కూడా అడిగినాడు. పెండ్లికి దాచుకున్నాడట పాపం.

నాకు కాదు, అతనికే.

ఈరక్క

*

ధర్మవరం
మగ్గం పక్కన కూర్చుని

పాపకు,

రేష్మ పెండ్లిచీర ఎంతవరకు వచ్చిందో చూద్దామని ధర్మవరం వచ్చాను. నాగేంద్ర వాళ్ల మగ్గం గదిలోనే కాఫీ తాగుతూ ఇది రాస్తున్నాను. కొంగు మొదలుపెట్టారు. ఆకుపచ్చకు ఎర్రంచు. నీకు నచ్చుతుంది.

నీ ఉత్తరం పొద్దున బస్సులోనే చదివాను. చదివి, ప్రశ్న అడిగిన మనిషి ఎదురుగానే టికెట్లు కొడుతున్నాడు కదా, జవాబు నోటితోనే చెప్పేద్దామనుకున్నాను. "ఏమప్పా ఆశీర్వాదం, నీ కట్టెలకు పురుగు పట్టినాదంట?" అన్నాను.

"యా కట్టెలు మామా? నా తోటలో కట్టెపుల్ల గూడా లేదే," అన్నాడు. నాకు వినపడకపోయినా అతని పెదాలు చూస్తే తెలిసింది.

అక్కడితో ఊరుకుని ఉండవలసింది. కానీ చెవిటివాడి గుసగుస ఎలా ఉంటుందో నీకు తెలుసు. మీ ఈరక్కత్త కట్టెలు కాల్చేశానని నాకు రాసి, ఇప్పుడు నీ పేరు చెప్పి అడిగింది అని నేను అతని చెవిలో చెప్పిన మాట డ్రైవర్ కూడా విని అద్దంలోంచి చూశాడు. బస్సు హిందూపురం నుంచి వచ్చేవాళ్లతో నిండి ఉంది. ఇక రామక్కకు తెలియకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. దానికి నన్ను తిట్టు, పడతాను.

నా పక్కన హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు అమ్ముకుని వచ్చే మనిషి ఒకడు. పురుగు మాట వినగానే తన పురుగుల కష్టాలు చెప్పుకొచ్చాడు. వాటికి వేళకు ఆకు వేయాలట, ఇంట్లో తాలింపు వాసన రాకూడదట, బయటివాళ్లు కాళ్లు కడుక్కోకుండా లోపలికి అడుగు పెట్టకూడదట. అల్లుడికి కూడా ఇంత జరగదు. ఇక్కడ మగ్గం చూస్తుంటే అదే తలపుకొస్తోంది. ఒక పురుగు కక్కిన దారంతో నీ మనవరాలికి చీర. ఇంకొక పురుగు తొలిచిన కట్టెతో అదే పెండ్లికి అన్నం. రెంటికీ పసుపు రాసేది మనమే.

ఇక నీ ప్రశ్న. ఎంత దూరం ఎగురుతాయంటే, గట్టు దాటేంత. అది చాలు కదా. పట్ట కింద ఆగవు.

కాల్చమని నేను మళ్లీ రాయను. ఒకసారి రాశాను. పిడకల గంపలు నెత్తిన పెట్టుకుని మీ అత్తగారి వాకిట్లో దించినవాణ్ణి నేను. మీ అత్త ఆ గంపల్ని చూసిన చూపూ, నువ్వు తల వంచుకున్న తీరూ నా కంటి ముందు నుంచి పోలేదు. ఆ కట్టెలు నీకు ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ తోట ఏమిటో కూడా నీకు నేను చెప్పను.

మీ అన్న

*

హిందూపురం
ఓళిగలు చేసిన మర్నాడు

అన్నకు,

నీ గుసగుస బస్సు కంటే ముందు హిందూపురం చేరింది. సాయంత్రానికి రామక్క వదిన అడగనే అడిగింది, కట్టెలు కాల్చినానని మీ యన్నకు రాసినావంటనే అని. నేను చెంబు తోముతూ ఉండిపోయాను.

అవును, కాల్చలేదు. కాల్చడానికి అగ్గిపెట్టె పట్టుకుని రెండుసార్లు పోయాను. పుట్టింటి కట్టెను పొలంలో చెత్తతో పాటు తగలబెడితే, నా పెండ్లిలో పడనిది నా మనవరాలి పెండ్లిలోనూ పడకుండా పోతుంది. ఎందుకు కాల్చినావంటే పురుగని చెప్పాలి. పిడకల కోడలి పుట్టింటి నుంచి ఈసారి పురుగు వచ్చింది అంటారు. ఆ మాట ఒకటి బతికినన్నాళ్లూ మోయాలి. అందుకని పట్ట కప్పాను.

డ్యూటీ దిగి ఆశీర్వాదం గట్టు మీదికి వచ్చాడు. యూనిఫాం కూడా విప్పలేదు. పట్ట ఎత్తి చూశాడు. పేరు వాడుకున్నందుకు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కిందికి వంగి ఆ పొట్టును వేలితో తీసి చూసి, "కట్టెలు నీవి అత్తా. పురుగు మాత్రం ఇద్దరిదీ," అన్నాడు. అని తన తోటలోకి పోయి గట్టు పక్క చెట్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంటున్నాడు. ముఖం దగ్గరగా పెట్టి, పిల్లలకు జ్వరం చూసినట్టు.

నేనూ నా వైపు చూశాను. మీ బావ నాటిన మొదటి చెట్టు బెరడు మీద, నా ఎత్తులో, బియ్యపు గింజలంత బంక చుక్కలు. గోటితో గీకితే దాని కింద బెజ్జం.

కూర్చుని ఏడవాలనిపించింది కానీ ఏడిస్తే ఎవరికి చెప్పుకోవాలి? అప్పుడు అనిపించింది అన్నా. పుట్టింటి కట్టె పొయ్యిలో పడాలి, దాని మీద వండింది నలుగురూ తినాలి. అంతే కదా మన పెద్దలు పెట్టింది. తినే రోజు పెండ్లికొడుకు బాసికం కట్టుకుని ఉండాలని ఎవరైనా అన్నారా?

పొద్దున లేచి గట్టు పక్కనే గాడిపొయ్యి తవ్వించాను. నా కొడుకు రమేష్ వద్దంటూనే తవ్వాడు. వీధి వీధికీ రేష్మను పంపి, మా అవ్వ పుట్టింటి కట్టెకు ఈ రోజు పెండ్లి, అందరూ రావాలని చెప్పించాను. నాగేంద్ర వాళ్లు ఆశీర్వాదం బస్సుకే వచ్చారు. అన్నం, పప్పు, వంకాయ కూర, పూర్ణం పెట్టి ఒత్తిన ఓళిగలు. ఎందుకు ముందే వండుతున్నావని అడిగినవాళ్లకు పురుగు సంగతి నేనే చెప్పాను. దాచిపెట్టినప్పుడు ఉన్నంత బరువు చెప్పినప్పుడు లేదు. పైగా విన్నవాళ్లంతా, తమ ఇంట్లో ఉన్న మామిడి కట్టెలకు బెజ్జాలున్నాయేమో చూడటానికి పరిగెత్తారు. ముగ్గురు తెచ్చి మన పొయ్యిలోనే వేశారు.

ఒక ట్రాక్టర్ కట్టె ఒక పూట వంటకు అవుతుందా? అందరూ తిన్నాక కూడా సగం మిగిలింది. పొయ్యి ఆపకూడదు కదా. గంగాళాలతో నీళ్లు కాచి, వీధిలో పిల్లాపెద్దా అందరికీ తలంట్లు పోయించాను. పొద్దు గుంకేసరికి మా వీధి అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

మీ బావ చెట్టును కూడా కొట్టించి అదే పొయ్యిలో పెట్టాను. ఆశీర్వాదమే గొడ్డలి పట్టాడు. కొట్టే ముందు నన్ను పక్కకు పొమ్మన్నాడు, నేను పోలేదు.

రామక్క వదిన పొయ్యి దగ్గరే పీట వేయించుకుని కూర్చుంది. కట్టె చివరలు పొయ్యిలోకి తోస్తూ ఉంది. ఆ నోరు ఊరికే ఉంటే నాకు భయం. ఆఖరికి, "ఇది మీయమ్మ నాటిన చెట్టేనా?" అని అడిగింది.

"ఔను వదినా."

"పొగ గూడా పుల్లగా ఉండాది," అని కొంగుతో కండ్లు తుడుచుకుంది. తరువాత విస్తరి ముందుకు జరిపి, "ఈరక్కా, ఇంగొక ఓళిగ ఎయ్యి," అన్నది.

ఆమె నోట నా పేరు నేను వినడం అదే మొదలు. చేతిలో ఉన్నవన్నీ ఆమె విస్తట్లోనే వేసేశాను.

ఈరక్క

*

పెనుకొండ
ఆషాఢం

పాపకు,

నీ ఉత్తరం కోడలికి చదివి వినిపించాను. రెండోసారి తనే తీసుకుని చదువుకుంది. ఓళిగల దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది. జలుబట.

రాణి మీ తోటకు వచ్చి చూసిపోయిందని ఆశీర్వాదం చెప్పాడు. మిగతా చెట్లకు బెజ్జాలు కనబడలేదట, మొదళ్లకు ఎర్రమట్టిలో మందు కలిపి పూయించిందట. వచ్చే ఏడు ఇదే వేళకు మళ్లీ చూస్తేగానీ గట్టిగా చెప్పలేనందట. తెలియనిది తెలియదని చెప్పే మనిషిని నేను నమ్ముతాను. ఇక్కడ నా తోటలో ఇంకొకటి పోయింది. పోయినదాన్ని పోయిన రోజే కాల్చాను. రంపాన్ని కూడా మంట మీద చూపించి తుడిచి పెట్టుకున్నాను.

ఇప్పుడు శ్రావణం సంగతి. పెండ్లి పొయ్యిలోకి పుట్టింటిది ఏదో ఒకటి రావాలి. కట్టె పంపడానికి నాకు చేతులు రావు. బాగా ఆలోచించి గ్యాస్ సిలిండర్లు పంపుదామని నిశ్చయించాను. పసుపు, కుంకుమ, బంతిపూలు అన్నీ ఉంటాయి. ట్రాక్టర్ మీదే వస్తాయి. ఇనుముకు ఏ పురుగూ బెజ్జం వేయదు. కోడలు నవ్వుతోంది కానీ ఇందులో నవ్వేదేమీ నాకు కనబడలేదు. ఏమంటావు?

మీ అన్న

*

హిందూపురం
నీ ఉత్తరం అందిన రోజే

అన్నకు,

సిలిండర్లు వద్దు. అవి వంటవాళ్లు ఎలాగూ తెచ్చుకుంటారు.

నువ్వు పిడకలు పంపు. మొదటి పొయ్యి వాటి మీదే అంటిద్దాం. మన ఇంటి ఎనుముల పేడతో, మన గోడకు కొట్టి ఎండబెట్టినవి. నా పెండ్లికి వచ్చినవీ పిడకలే కదా. ఆ రోజు వాటి మీద ఉడికిన అన్నం తిననివాళ్లు ఎవరూ లేరు. ఇన్నేండ్లకు ఆలోచిస్తే, ఏ చెట్టుకూ ఏ తెగులూ మోసుకురాకుండా ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి వచ్చింది ఆ గంపలొక్కటే.

ఈ మాట రామక్క వదినతో అన్నాను. ఏమంటుందో చూద్దామని. "మీ యన్న తట్టిన పిడకలా? పొయ్యిలో పెట్టకముందే పగిలిపోతాయి. నేను పోయి తట్టించుకోనొస్తా," అన్నది. అనడమే కాదు, ఎల్లుండి పొద్దున ఆశీర్వాదం బస్సుకు వస్తోంది. నాలుగు రోజులు మీ ఇంట్లోనే ఉంటుంది. ఏం వండినా ఉప్పు తక్కువంటుంది, కోడలికి ముందే చెప్పు. నీకు ఎలాగూ వినపడదు.

ఎండినాక ట్రాక్టర్‌కు ఎక్కించు.

తప్పెట్లు మర్చిపోవద్దు.

ఈరక్క